ఓడబంట్లు ఎవరి మాట వినాలి?

(విశాఖపట్నంలో ఫాంటసీ కథలు రాసేవాళ్ల కోసం జరిగిన వర్క్‌షాప్‌లో రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మొదటి క్లాసు నాకిచ్చారు. పులిహోర, పెరుగన్నం తిన్నాక యుద్ధం గురించి వినమనడం కొంచెం అన్యాయమే. నిద్రొస్తే పడుకోండి, గురక మాత్రం పెట్టకండి. (నవ్వులు)

మీరు పంపిన కథలు చదివాను. ఊహలు బాగున్నాయి. కానీ సముద్రం వచ్చిన కథల్లో ఒక ఇబ్బంది కనిపించింది. రాజుగారు "ఓడలెక్కండి" అంటాడు, పదివేల మంది ఎక్కేస్తారు. ఆర్టీసీ బస్సు ఎక్కినట్టు. అవతలి ఒడ్డున దిగి, వరస కట్టి యుద్ధం మొదలుపెడతారు. మధ్యలో వాళ్లేం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో, ఎంతమందికి వాంతులయ్యాయో ఎవరూ రాయలేదు. అది నేల మీద సైన్యమే. ఓడ ఆటోలాగా తెచ్చి దించిందంతే. ఓడ మీదే ఉండి పోరాడే సిపాయిలు వేరు, వాళ్లని నేను ఓడబంట్లంటాను. ఇవాళ వాళ్ల గురించే.

నేను నేవీ మనిషిని కాదు, పుస్తకాలు చదువుకునేవాణ్ణి. ఓడమీద కాలు పెట్టిన అనుభవం కూడా చెప్పుకోదగ్గది కాదు. చాలా ఏళ్ల కిందట భీమిలిలో ఒక చేపల పడవలో సరదాగా లోపలికి వెళ్లాను. కెరటం విరిగే చోటు దాటేటప్పుడు పడవ ముక్కు ఆకాశంలోకి లేచింది. భయంతో నేనూ లేచాను. వెనకాల తెడ్డు పట్టుకున్న పెద్దాయన అరిచాడు: "కూకోండి బాబూ! మీరు లెగిస్తే అందరం పోతాం!" కూచున్నాను. ఒడ్డుకొచ్చేదాకా మళ్లీ లేవలేదు.

ఆ పెద్దాయన మాట క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్ వాళ్లకి బాగా తెలుసు. వాళ్ల యుద్ధనౌకకి మూడు వరసల తెడ్లుండేవి. అందులో మొత్తం 200 మంది. ఆయుధం పట్టి పోరాడేవాళ్లు ఎంతమంది అనుకుంటున్నారు? చెప్పండి. వంద? ఏభై? పద్నాలుగు! పదిమంది బల్లెం సిపాయిలు, నలుగురు విలుకాళ్లు. 170 మంది తెడ్లు వేసేవాళ్లు, మిగతావాళ్లు చుక్కాని, తెరచాప చూసుకునేవాళ్లు. డెక్కు మీద నలుగురు ఒక పక్కకి పరిగెడితే ఓడ ఒరుగుతుంది. ఒరిగితే ఒక పక్క తెడ్లు నీళ్లలోకి మరీ లోతుగా దిగుతాయి, రెండో పక్కవి గాల్లో ఆడతాయి. అందుకని ఆ సిపాయిలు కూర్చునే బల్లెం విసరడం నేర్చుకునేవాళ్లు. క్రీ.పూ. 413లో సిసిలీ దీవిలోని సిరక్యూస్ రేవులో యుద్ధానికి ముందు అవతలి సేనాపతి తనవాళ్లకి ధైర్యం చెబుతూ ఇదే ఎత్తి చూపాడు. ఏథెన్స్ వాళ్లు ఈసారి డెక్కుల నిండా నేలమీద సిపాయిల్ని ఎక్కించుకొచ్చారు, కూర్చుని బల్లెం విసరడం కూడా రానివాళ్లు వీళ్లేం చేస్తారని. ఆ రేవులో ఏథెన్స్ నౌకాదళం తుడిచిపెట్టుకుపోయింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఇదీ ఒకటి.

మరి పద్నాలుగు మందితో ఎలా గెలిచేవాళ్లు? వాళ్ల ఆయుధం ఓడే. ముందు భాగానికి కంచుతో చేసిన ముక్కు ఉంటుంది, దాంతో శత్రువు ఓడ పక్కన పొడుస్తారు. ఆ పద్ధతి తెలియనివాళ్లు, లేదా అంత బాగా తెడ్డు వేయలేనివాళ్లు డెక్కు నిండా మనుషుల్ని పెట్టుకుంటారు. క్రీ.పూ. 494లో లాడే దీవి దగ్గర కియోస్ ద్వీపం వాళ్లు ఒక్కో ఓడలో 40 మందిని నిలబెట్టారు. ఆ తర్వాత రోమ్ వాళ్లు ఇంకా ముందుకెళ్లారు. వాళ్లకి సముద్రం కొత్త, నేలమీద యుద్ధం కొట్టిన పిండి. అందుకని సముద్రాన్నే నేలగా మార్చుకున్నారు. ఓడ ముందు ఒక చెక్క వంతెన. 36 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, చివర కింద పెద్ద ఇనుప మేకు. శత్రువు ఓడ దగ్గరికి రాగానే దాన్ని ధడాలున వదిలేస్తారు. మేకు డెక్కులో దిగబడుతుంది, రెండు ఓడలూ అతుక్కుపోతాయి, ఇద్దరిద్దరుగా పరిగెత్తుకెళ్లి కత్తులు దూస్తారు. క్రీ.పూ. 260లో మైలే దగ్గర దీంతోనే కార్తేజ్ వాళ్లని కొట్టారు. నాలుగేళ్ల తర్వాత ఎక్నోమస్ యుద్ధానికి వాళ్ల ఒక్కో పెద్ద ఓడలో 300 మంది తెడ్లవాళ్లు, 120 మంది సిపాయిలు.

అంటే మీ రాజ్యంలో ఓడకి ఎంతమంది సిపాయిలని నన్నడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీవాళ్లు ఓడతో పొడుస్తారా, ఓడ మీదికి దూకుతారా? అది తేల్చుకోకుండా అంకెలు రాయకండి.

ఇంతవరకూ సులువు. అసలు చిక్కు ఇప్పుడొస్తుంది, మీ కథ కూడా అక్కడే ఉంది. ఓడలో సిపాయిలు ఎవరి మాట వినాలి?

గోదావరి లాంచీల మీద సరంగు అంటారు, నాకు ఆ మాట ఇష్టం. ఓడ నడిపేవాడు సరంగు. సిపాయిలకి పెద్దని దళవాయి అందాం. గాలి, నీరు, దారి సరంగుకి తెలుసు. కత్తి, డాలు, మనిషి గుండె దళవాయికి తెలుసు. ఉన్నది వంద అడుగుల చెక్క, దాని మీద ఇద్దరు పెద్దలు. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

1571లో జరిగిన సంగతి చెబుతాను. ఒట్టొమాన్ తుర్కుల మీదికి స్పెయిన్, వెనిస్, పోపు కలిసి నౌకాదళం కట్టారు. వెనిస్ దగ్గర ఓడలు బోలెడు, సిపాయిలు తక్కువ. స్పెయిన్ దగ్గర సిపాయిలు దండిగా ఉన్నారు. మొత్తం దళానికి నాయకుడు డాన్ హువాన్, స్పెయిన్ రాజుకి సవతి తమ్ముడు, 24 ఏళ్లవాడు. స్పెయిన్ జీతం తీసుకునే సిపాయిల్ని దాదాపు 4,000 మందిని వెనిస్ ఓడలకి పంచాడు. లెక్క ప్రకారం చక్కటి ఏర్పాటు. వెనిస్ సేనాపతి వెనియేర్ డెబ్భై దాటిన ముసలాయన, ముక్కు మీద కోపం. ఆయనకి వేరే దారి లేదు, ఒప్పుకున్నాడు.

అక్టోబరు మొదట్లో, గ్రీసు తీరంలో లంగరు వేసి ఉండగా, ఒక వెనిస్ ఓడ మీద గొడవ మొదలైంది. ఓడవాళ్లకీ ఎక్కించిన సిపాయిలకీ మధ్య మాటా మాటా పెరిగింది. కత్తులు లేచాయి, మనుషులు పడ్డారు. ఆ సిపాయిల కెప్టెన్ మూజియో అనే ఇటలీ మనిషి. వెనియేర్ తన మనుషుల్ని పంపితే వాళ్ల మాటా వినలేదు. ముసలాయన ఏం చేశాడంటే, మూజియోనీ అతని మనుషులు కొందర్నీ తెరచాప దూలానికి ఉరి తీయించాడు. అడగలేదు, చెప్పలేదు. ఆ దూలం చుట్టుపక్కల ఓడలన్నిటికీ కనిపిస్తుంది.

డాన్ హువాన్ మండిపడ్డాడు. నా జీతం తినే మనిషిని ఉరితీయడానికి నువ్వెవడివని. వెనియేర్ దృష్టిలో అది తన ఓడ, తన డెక్కు, తన చట్టం. ఇద్దరి దళాలూ ఒకరిమీదొకరు ఫిరంగులు తిప్పుకునేదాకా వచ్చింది. తుర్కుల ఓడలు అంత దగ్గర్లో ఉన్నాయి, ఇక్కడ వీళ్లు వీళ్లు కొట్టుకు చస్తున్నారు! పోపు తరఫు సేనాపతి మార్కాంటోనియో కొలొన్నా మధ్యలో పడి సర్దిచెప్పాడు. వెనియేర్ ముఖం చూడనని డాన్ హువాన్ అన్నాడు. వెనిస్ తరఫున ఇకమీదట బార్బరీగో మాట్లాడాలని తీర్పు చేసుకున్నారు. అక్టోబరు 7న లెపాంటో యుద్ధం, వీళ్లే గెలిచారు. ఆ రోజు బార్బరీగోకి కంట్లో బాణం దిగింది, ఆ గాయంతోనే చనిపోయాడు. ముసలి వెనియేర్ చివరిదాకా డెక్కు మీద పోరాడి బతికాడు.

ఇందులో తప్పెవరిదని నేను చాలాసార్లు ఆలోచించాను. నా ఓటు ముసలాయనకే. ఉరి దారుణమే, కానీ ఓడ మీద రెండు చట్టాలు నడిస్తే ఆ ఓడ తెల్లారేసరికి ఎవరిదో చెప్పలేం. మీరు ఒప్పుకోకపోతే మరీ మంచిది. ఆ ఒప్పుకోకపోవడమే మీ కథలో రెండో పాత్ర.

స్పెయిన్ వాళ్లు ఈ తలనొప్పికి మందు అంతకుముందే మొదలుపెట్టారు. 1537లో నేపుల్స్ దగ్గరి కొన్ని పాత సిపాయి కంపెనీల్ని శాశ్వతంగా ఓడలకే కేటాయించారు. ఇవాళ్టి స్పెయిన్ మెరైన్లు, అంటే నౌకాదళం సిపాయిలు, తమ పుట్టుక అక్కణ్ణుంచే లెక్కేసుకుంటారు. ఇంగ్లండు ఆలస్యంగా, కాస్త తెలివిగా చేసింది. 1664లో 1,200 మందితో ఒక రెజిమెంటు పెట్టి నౌకాదళానికి ఇచ్చింది. తర్వాత దాదాపు తొంభై ఏళ్లు యుద్ధం వచ్చినప్పుడు రెజిమెంట్లు పెట్టడం, అయ్యాక తీసేయడం. చివరికి 1755లో 50 కంపెనీలు ఏర్పాటు చేసి, వాటిని సైన్యం కింద కాక నౌకాదళాన్ని నడిపే ఆఫీసు కిందే పెట్టారు. చాతమ్, పోర్ట్స్‌మత్, ప్లిమత్, ఈ మూడు రేవుల్లో వాళ్లకి మూడు ఇళ్లు. జీతమిచ్చేదీ హుకుమిచ్చేదీ ఒకే చెయ్యి అయింది.

ఇంకో తమాషా ఉంది. ఆ ఓడల్లో మెరైన్లని పడుకోబెట్టే చోటు చూడండి. వెనక భాగంలో ఆఫీసర్ల గదులు, ముందు భాగంలో నావికులు. మెరైన్ల ఉయ్యాలలు మధ్యలో. కళాసీలు తిరగబడితే కెప్టెన్ దగ్గరికి వెళ్లాలంటే వీళ్లని దాటి వెళ్లాలి. అంటే ఈ సిపాయిలు బయటి శత్రువుకెంతో లోపలి మనిషికీ అంతే. అందుకే కళాసీలకి వాళ్లంటే పడదు. మెరైన్ని తెరచాప స్తంభం ఎక్కమని చెప్పడానికి లేదు. లంగరు లాగమంటే లాగుతాడు, ఫిరంగి తొయ్యమంటే తోస్తాడు. మీరు నావికుడి పాత్ర రాస్తుంటే ఈ కుళ్లు వదలకండి: నేను వానలో అరవై అడుగుల ఎత్తున తాళ్లకి వేలాడుతుంటే, వీడు కింద ఎర్రకోటు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడతాడు.

మధ్యలో ఆ ఉయ్యాలలు లేకపోతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. బౌంటీ అనే ఓడ చిన్నది, బ్రెడ్‌ఫ్రూట్ మొక్కలు తేవడానికి పంపారు. మొక్కలకే చోటు చాలక కెప్టెన్ గది కూడా కుండీలకి ఇచ్చేశారు. మెరైన్లు ఒక్కరూ లేరు. 1789 ఏప్రిల్ 28 తెల్లవారుజామున కెప్టెన్ బ్లైని నిద్రలో లేపి చేతులు కట్టేశారు.

సరే, ఇప్పుడు బోర్డు మీద మన రాజ్యం గీద్దాం. పేరు మీరు తర్వాత పెట్టుకోండి. ఒక పెద్ద రేవు, చుట్టూ చిన్న దీవులు, జలసంధి అవతల శత్రువు. రేవులో సుంకమే రాజుకి ప్రధాన రాబడి. ఇది మనకి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఇదే చెబుతుంది. తుఫానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారట, నేను మాత్రం సుంకమే తీసుకుంటానని మాటిచ్చాడు. వ్యాపారికి అలాంటి మాట ఇచ్చిన రాజుకి, దాన్ని తీరం పొడుగునా నిలబెట్టే మనుషులు కావాలి. మీ ఓడబంట్లు అక్కడ పుడతారు. ఆ పేరు నేను పెట్టిందే, నచ్చితే వాడుకోండి.

మనకి పది ఓడలు. ఒక్కోదానిలో 80 మంది తెడ్లవాళ్లు, 40 మంది ఓడబంట్లు. నలభైని నాలుగు జట్లు చేశాను. ఒక జట్టు కాపలా, ఒకటి తెడ్ల దగ్గర సాయం, ఒకటి సాధన, ఒకటి నిద్ర. పొద్దుకోసారి మారతారు. జట్టుకి పదిమందే ఎందుకంటే, ఒడ్డుకి వెళ్లే చిన్న పడవలో తెడ్లవాళ్లు పోగా పట్టేది అంతే. నేల మీద సైన్యాన్ని సేనాపతి విభజిస్తాడు. ఓడ మీద సైన్యాన్ని వడ్రంగి విభజిస్తాడు.

ఇప్పుడు నీళ్లు. 120 మంది, మనిషికి వంటతో కలిపి రోజుకి 5 లీటర్లనుకోండి. రోజుకి 600, పది రోజులకి 6,000 లీటర్లు. వేసవిలో మన అపార్ట్‌మెంట్లకి వచ్చే నీళ్ల ట్యాంకర్ చూశారుగా, అలాంటిది ఒకటి ఓడ కడుపులో పెట్టాలి, పీపాలతో సహా. అందుకే తెడ్ల ఓడలు కొద్ది రోజులకోసారి ఒడ్డున ఆగి నీళ్లు పట్టుకునేవి. శత్రువు తీరంలో ఉన్న మంచినీళ్ల బావి కోటకన్నా విలువైనది. మీ మొదటి యుద్ధం బావి దగ్గర పెట్టండి.

పది ఓడల్లో 400 మంది. ఒడ్డున ఇంకో 200 మంది, వాళ్లు వీళ్లతో వంతులు మారతారు. మొత్తం 600. రాజుగారికి నేలమీద లక్ష సైన్యం ఉండొచ్చు, ఇక్కడ ఆరొందలే. జీతం ఎలా? విజయనగరంలో లాగా అమరం, అంటే కొన్ని ఊళ్లు, ఇచ్చి, ఆ ఊళ్ల రాబడితో సిపాయిల్ని పోషించమని నాయకుడికి చెప్పొచ్చు. నేలమీద అది నడుస్తుంది. ఇక్కడ నాకు అనుమానం. ఊళ్లిచ్చిన నాయకుడు తన మనుషుల్ని తనవాళ్లనుకుంటాడు, మళ్లీ మూజియో కథే. అందుకని మన రాజ్యంలో ఓడబంటుకి రేవు సుంకం నుంచి నగదు జీతం. పంచేది రేవు కరణం. అతని దగ్గర ఒకే పుస్తకం, అందులోనే సరంగు పేరూ దళవాయి పేరూ. నీళ్లమీద ఉన్నంతసేపూ సరంగు మాట. పడవ అడుగు ఇసకకి తగిలిన క్షణం నుంచి దళవాయి మాట. బాగుంది కదా? ఇప్పుడు దీన్ని చెడగొట్టండి. పడవ సగం ఇసక మీద, సగం నీళ్లలో ఉంది, బాణాలు పడుతున్నాయి. సరంగు వెనక్కి తిప్పమంటాడు, దళవాయి దూకమంటాడు. తెడ్లవాళ్లు ఎవరి మొహం చూస్తారు?

ఒడ్డుకి దిగడం గురించి కాస్త చెప్పాలి. సామాను ఎక్కించే క్రమం మీలో ఎవరూ రాయలేదు. ఇల్లు మారేటప్పుడు మనమేం చేస్తాం? బీరువా, మంచాలు ముందు లారీ ఎక్కుతాయి. పొయ్యి, పాలగిన్నె ఆఖరున. కొన్నిసార్లు అమ్మ ఒళ్లోనే. వెళ్లగానే ముందు పాలు పొంగించాలి కాబట్టి. ఓడా అంతే. దిగగానే కావలసిన డాళ్లు, నిచ్చెనలు, తాగునీళ్లు పైన ఉండాలి. చోటు కలిసొస్తుందని నిచ్చెనలు అడుగున పెట్టి, పైన బియ్యం బస్తాలు వేసిన దళవాయి, కోట గోడ కింద నిలబడి బస్తాలు లెక్కపెట్టుకోవాలి.

మన కోరమండల్ తీరంలో చాలాకాలం సరైన రేవులుండేవి కావు. పెద్ద ఓడ దూరంగా లంగరేసి ఆగాలి. మనుషుల్నీ సరుకునీ కెరటాల మీంచి తెచ్చేది మసూలా పడవలు. మేకుల్లేకుండా పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు. కెరటం కొట్టినా, నేల తగిలినా విరగవు, ఒంగుతాయి. తెల్లవాళ్ల పడవలు పగిలిపోయే చోట ఇవి దాటేవి. మీ రాజ్యంలో ఎంత గొప్ప ఓడబంట్లున్నా, ఆ చివరి రెండొందల గజాలు దాటించేది ఈ పడవవాళ్లే. వాళ్లకి కత్తి లేదు, బిరుదు లేదు. కరణం పుస్తకంలో వాళ్ల పేర్లుంటాయా? నేనైతే ఉంచుతాను, దళవాయి పేరు కన్నా ముందు.

ఆటుపోట్లూ అంతే. 1943 నవంబరు 20న పసిఫిక్‌లోని తరావా దీవిలో అమెరికా మెరైన్లు దిగేటప్పుడు నీరు అనుకున్నంత ఎక్కలేదు. పడవలు పగడపు దిబ్బ దగ్గరే ఆగిపోయాయి. అక్కణ్ణుంచి ఒడ్డుదాకా వందల గజాలు, నీళ్లలో నడుస్తూ, ఎదురుగా మరతుపాకులు. అంత పెద్ద దేశం, అన్ని యంత్రాలు, చివరికి కాసిన్ని నీళ్లు తక్కువయ్యాయి.

ప్రశ్నలా? అడగండమ్మా. మీ రాజ్యంలో డ్రాగన్ ఉంది, అది ఓడమీద ఉంటే ఎలాగంటారా? (నవ్వులు) ముందు అది ఎన్ని నీళ్లు తాగుతుందో చెప్పండి. రెండోది, చెక్క ఓడ, తారు పూసిన తాళ్లు, దాని మీద నిప్పు కక్కే జంతువు. దానికి జలుబు చేస్తే? కాబట్టి దానికో ఓడ విడిగా ఇవ్వండి, మిగతా తొమ్మిదీ దానికి దూరంగా, గాలి వచ్చే వైపున నడుస్తాయి.

ఏం బాబూ? గాలిని పిలిచే మంత్రగాడా? మంచి ప్రశ్న. గాలి పిలుస్తాడు కాబట్టి సరంగు మనిషి. కానీ యుద్ధంలో శత్రువు తెరచాప చింపమని దళవాయి అడుగుతాడు. ఇద్దరూ ఒకేసారి అడిగితే? మంత్రం ఎంత బలమైందో మీరు మూడు పేజీలు రాశారు. అతను ఎవరి జీతం తీసుకుంటాడో ఒక్క వాక్యం రాయండి, చాలు.

యుద్ధం లేనప్పుడు వీళ్లేం చేస్తారు? రోమ్ వాళ్లు మిసెనం అనే రేవులోని నౌకాదళం మనుషుల్ని తెచ్చి కొలోసియంలో ఎండకి పందిళ్లు లాగించేవాళ్లు. తాళ్లు, తెరలు వాళ్లకి అలవాటే కదా. గౌరవం మాత్రం తక్కువ. క్రీ.శ. 68లో నీరో ఈ నౌకాదళం వాళ్లని చేర్చుకుని అసలు సైన్యంలో దళంగా మొదలుపెట్టాడు. అంతలో నీరో పోయాడు. కొత్త చక్రవర్తి గాల్బా రోమ్‌కి వస్తుంటే, వీళ్లు దారికి అడ్డంపడి సైనిక దళానికి గుర్తైన మా గద్దకొయ్య, మా జెండాలు మాకిమ్మని అడిగారు. గుర్రపుదళాన్ని వాళ్ల మీదికి వదిలాడు. చాలామంది చచ్చిపోయారు. వాళ్లడిగింది కొయ్య మీద నిలబెట్టిన ఒక పక్షి బొమ్మ.

ఆఖరి ప్రశ్న. కథ ఎక్కడ మొదలుపెట్టాలి? కిటికీలోంచి చూడండి. 1804 సెప్టెంబరు 15న ఇదే విశాఖ ముందు సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌక లంగరేసి ఉంది, పక్కన రెండు వర్తక ఓడలు. ఫ్రెంచి సేనాపతి లినోయా మూడు యుద్ధనౌకలతో వచ్చాడు. సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఆ పూట ఓడలో లేడు. ఇక్కడ, ఒడ్డున ఉన్నాడు. ఓడ అతని కింది లెఫ్టినెంటు చేతిలో ఉంది. ఫిరంగులు మొదలయ్యాయి. వర్తక ఓడల్లో ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చి కెరటాల్లో పగిలిపోయింది, ఇంకోటి లొంగిపోయింది. లిండ్ పడవ పట్టుకుని, యుద్ధం నడుస్తుండగానే తన ఓడెక్కాడు.

మీ సరంగుని ఒడ్డున వదిలి, దళవాయిని ఓడ మీద పెట్టి మొదలుపెట్టండి. పడవలో అతను ఎదురొస్తున్న ఆ అరగంట రాసుకురండి, రేపు పొద్దున చదువుకుందాం. టీ వచ్చినట్టుంది, వాసన వస్తోంది. లేవండి. పడవ కాదులెండి, అందరూ ఒక్కసారే లేవచ్చు. (నవ్వులు, చప్పట్లు)